ఎస్టిమేట్‌లో దుమ్ముకు కూడా ఒక లైను రాయండి
వరంగల్, హన్మకొండ, కాజీపేట బిల్డర్లకు, కాంట్రాక్టర్లకు, సైట్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

నేను మీలో ఒకణ్ని. హన్మకొండ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. పెద్ద బిల్డర్‌ను కాను. ఏడాదికి మూడో నాలుగో ఇళ్లు, మధ్యలో ఒకటి రెండు రిపేరు పనులు. మీలో చాలామందితో సిమెంటు దుకాణం ముందు నిలబడి టీ తాగినవాణ్నే. ఈ ఉత్తరం రాయడానికి కారణం నా దగ్గర పద్నాలుగేళ్లు గ్రానైట్ కోసిన మేస్త్రి. పేరు రాయొద్దని ఇంటివాళ్లు అడిగారు. సైటులో అందరం ఆయన్ను కటింగన్న అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను.

పోయిన వానాకాలంలో వడ్డేపల్లి వైపు ఒక ఇంటికి ఆయన్ను రమ్మన్నాను. రెండో అంతస్తులో కిచెన్ ప్లాట్‌ఫాం కొలతలు తీసుకోవాలి. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు, ఎప్పటిలాగే వచ్చాడు. పది మెట్లెక్కి మొదటి ల్యాండింగ్ మీద కూలబడ్డాడు. నోరు తెరిచి గాలి కోసం తండ్లాడుతున్నాడు. ఒక్కో శ్వాసకు భుజాలు పైకి లేస్తున్నాయి, గొంతు కింద గుంట లోపలికి పోతోంది. నీళ్లు తెమ్మని నేను అరిస్తే చెయ్యి ఊపి వద్దన్నాడు. "ఏం లేదు సార్, దమ్మొస్తుంది. రెండు నిమిషాలు ఆగుండ్రి" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. ఆయన కూర్చున్న మెట్టు అంచును గుండ్రంగా, నున్నగా అరగదీసింది నెల కిందట ఆయనే. వయసు 42. బీడీ ముట్టడు.

దగ్గు అంతకు ఏడాదిన్నర ముందే మొదలైందట. మొదట ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు, తర్వాత ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే. మచ్చలున్నాయి కాబట్టి టీబీ అన్నారు. కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా ఆరు నెలలు మందులు వాడాడు. దగ్గు తగ్గలేదు, ఆయాసం పెరిగింది. చివరికి ఒక ఛాతీ డాక్టరు ఎక్స్‌రేను లైటు మీద పెట్టి చూసి, ఆ ఫిల్ము నుంచి కళ్లు తిప్పకుండానే "నువ్వేం పని చేస్తవు?" అని అడిగాడు. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. జబ్బు పేరు సిలికోసిస్. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, లోపలి మెత్తటి భాగం మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. దీన్ని మాన్పే మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది.

ఇందులో నా తప్పు నేను రాయాలి. మాస్కులు ఇవ్వలేదా అంటే ఇచ్చాను. కరోనా కాలంలో మిగిలిన నీలం రంగు సర్జికల్ మాస్కుల పెట్టె ఒకటి స్టోర్ రూంలో ఉండేది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు. కటింగన్న దాని మీద తడి దస్తీ కూడా కట్టుకునేవాడు, అంత జాగ్రత్తపరుడు. ఆ దుమ్మును ఆ రెండూ ఆపవని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకోవాల్సిన బాధ్యత నాది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. ఒక సైటులో పక్కింటివాళ్లు దుమ్ము పడుతోందని గొడవ చేశారు. బట్టలు ఆరేసుకోలేకపోతున్నాం అన్నారు, వాళ్ల బాధ నిజమే. నేనేం చేశానంటే, బయట కోసే పనిని లోపలి గదిలోకి మార్పించాను. కిటికీలకు పట్టా కట్టించి తలుపు వేయించాను. పక్కింటివాళ్లు శాంతించారు. లోపల ట్యూబ్‌లైటు కూడా మసగ్గా కనిపించేది. సాయంత్రం ఆ గది నుంచి ఆయన బయటికి వస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. "పిండి గిర్నీల నుంచి వచ్చినట్టున్నవ్ అన్నా" అని అందరం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ గదిలో దుమ్ము నిండడానికి కారణమైన నిర్ణయాలన్నీ నావే. ఎక్కడ కోయాలి, పుట్టీకి ముందా తర్వాతా, ఏ మిషన్‌తో, ఏ రేటుకు, ఎన్ని రోజుల్లో. వీటిలో ఒక్కటి కూడా మేస్త్రి చేతిలో లేదు. ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. మేస్త్రీలకు రాయకుండా మీకు రాస్తున్నది అందుకే.

మనం వాడే సరుకులో ఏముందో ముందు చెబుతాను, ఎందుకంటే ఇరవై ఏళ్లు ఈ పనిలో ఉండి కూడా నాకు తెలియదు. రాయిలో, ఇసుకలో, ఇటుకలో, సిమెంటు పనిలో సిలికా అనే ఖనిజం ఉంటుంది. గ్రానైట్‌లో సుమారు 20 నుంచి 45 శాతం. టైల్స్‌లో 30 నుంచి 45. కాంక్రీటులో, సిమెంటూ ఇసుకా కలిపిన మసాలాలో 25 నుంచి 70 దాకా. ఇటుకలో 30 దాకా. పాలరాయిలో మాత్రం 2 శాతం దగ్గరే. అంటే గ్రానైట్ కోసే మేస్త్రి ఒక్కడికే కాదు, వైర్ల కోసం గోడకు గాడి కొట్టే ఎలక్ట్రీషియన్‌కూ, బాత్రూంలో టైల్స్ కోసేవాడికీ, స్లాబుకు రంధ్రం వేసే ప్లంబర్‌కూ ఇదే దుమ్ము. ఇప్పుడు కిచెన్లకు కొత్తగా ఫ్యాషన్ అయిన క్వార్ట్జ్ బండ ఉంది కదా, రాతిపొడిని రెసిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో తయారు చేసేది, అందులో చాలా రకాల్లో సిలికా 90 శాతం దాటుతుంది. దాన్ని కోసే కుర్రవాళ్లు కొద్ది ఏళ్లలోనే జబ్బు పడటం చూసి, ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ బండల తయారీని, అమ్మకాన్ని, బిగించే పనిని కూడా నిషేధించింది. మన దగ్గర అదే బండను గ్రైండర్‌తో వంటగదిలో పొడిగా కోస్తున్నాం.

కంటికి కనిపించే తెల్ల దుమ్ము కాసేపటికి కింద పడుతుంది, ముక్కులోనే కొంత ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది కనిపించనిది. తల వెంట్రుక మందంలో పదిహేనో ఇరవయ్యో వంతు కూడా ఉండని రేణువులు. అవి మూసిన గదిలో గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. కోత ఆగింది, దుమ్ము సర్దుకుంది అని మనం లోపలికి నడిచి వెళ్లేసరికి అవి ఇంకా అక్కడే ఉంటాయి. అప్పుడే పగిలిన రేణువు పాతబడినదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది కూడా. అమెరికాలో 2016లో పెట్టిన నియమం ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటున ఒక ఘనపు మీటరు గాలిలో ఈ సన్నని సిలికా 50 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ ఎనిమిది గంటల్లో పనిమనిషి పీల్చే గాలి సుమారు పది ఘనపు మీటర్లు. లెక్క కడితే రోజంతా కలిపి 500 మైక్రోగ్రాములు, అంటే అర మిల్లీగ్రాము. మనం కూరలో వేసే ఉప్పు రేణువులు పది కూడా కావు. కటింగన్న కనురెప్పల మీద ఎంత ఉండేదో నేను చూశాను.

మనది ఓరుగల్లు, ఏకశిలా నగరం. పేరులోనే రాయి ఉంది. వేయి స్తంభాల గుడి 1163లో కట్టారు, అంటే ఎనిమిది వందల అరవై ఏళ్లకు పైగా ఈ నేల మీద రాయి చెక్కుతున్నారు. ఉలి పట్టిన వాళ్లకూ దుమ్ము తప్పలేదు. కానీ వాళ్లు ఆరుబయట, చేతిబలంతో చెక్కారు. మనం నాలుగంగుళాల గ్రైండర్ ఇచ్చాం. దాని బ్లేడు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. ఉలితో ఊడేది ఎక్కువగా పెచ్చు, బ్లేడుతో లేచేది పిండి. ఆ మిషన్ ఇచ్చి, నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టాం.

ఇక మీరు అడగబోయే మాట నాకు తెలుసు. నీళ్లు పోసి కోస్తే సరిపోతుంది కదా, వాళ్లే పోయరు. నేనూ ఇదే అనేవాణ్ని. ఎందుకు పోయరో కటింగన్ననే మంచం పక్కన కూర్చుని అడిగాను. ఆయన చెప్పిన కారణాలన్నీ చివరికి మన దగ్గరికే వచ్చాయి.

మొదటిది, గోడలకు పుట్టీ అయ్యాక, కొన్నిచోట్ల రంగు కూడా అయ్యాక మనం సింక్ రంధ్రం కోయమంటాం. నీళ్లు పోస్తే బురద చిమ్మి గోడ మీద మరకలు పడతాయి. ఓనరమ్మ కేకలేస్తే మనం మేస్త్రి మీద కేకలేస్తాం. కాబట్టి పొడిగా కోస్తాడు. దీనికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. పని వరుస మారిస్తే చాలు. సింకు, స్టవ్వు, కుళాయి కొలతలు ముందే తీసుకుని పుట్టీకి ముందే కోత ముగించాలి. ఇంకా మంచి పద్ధతి, కొలతలు కాగితం మీద రాసిచ్చి గ్రానైట్ దుకాణంలోనే నీళ్ల మిషన్ మీద రంధ్రాలు, అంచులు అన్నీ చేయించి తెచ్చుకోవడం. సైటులో బిగించడమే మిగులుతుంది. ఈ ఏడాది రెండు ఇళ్లకు అలా చేశాను. ఒకచోట సింకు కొలత అరంగుళం తేడా వచ్చింది, బయట ఎండలో నీళ్లు పోసి సరిచేశాం. అంతే.

రెండోది కరెంటు. "నీళ్లు వోస్తే షాక్ కొడుతది సార్" అన్నాడు. ఇది సాకు అని మనం కొట్టిపారేయకూడదు, సైటులో అతుకులేసిన వైరు, తడి నేల, ఒట్టి కాళ్లు ఉన్నచోట అది నిజమైన భయం. నేనే చూశాను, ఒక కుర్రాడికి చెయ్యి జివ్వుమంటే మిషన్ విసిరేశాడు. దీనికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ అనే భద్రతా స్విచ్చు ఉన్న చిన్న బోర్డు సైటుకు ఒకటి పెట్టుకోవాలి. కరెంటు పక్కదారి పడితే క్షణంలో ట్రిప్ అవుతుంది. అతుకుల్లేని వైరు, కాళ్లకు రబ్బరు బూట్లు. నీళ్ల పైపు తగిలించే ఏర్పాటు ఉన్న మార్బుల్ కట్టర్లు బజార్లో దొరుకుతాయి. మామూలుగా మనవాళ్లు బాటిల్ మూతకు మేకుతో రంధ్రం పెట్టి హెల్పర్‌తో పోయిస్తుంటారు. హెల్పర్ ఫోన్ వస్తే లేచిపోతాడు, కోత ఆగదు. నీళ్లు మిషన్‌తోనే రావాలి, బ్లేడు రాయిని తాకే చోటే పడాలి, మిషన్ తిరిగినంతసేపూ పడాలి. ఒకటి మర్చిపోవద్దు. ఆ బురద ఎండితే మళ్లీ దుమ్మే. తడిగా ఉన్నప్పుడే కడిగించాలి.

మూడోది రేటు. మనం రన్నింగ్ ఫీట్ లెక్కన, అంటే కోసిన అడుగుకు ఇంత అని ఇస్తాం. నీళ్లతో కోస్తే పని నెమ్మది, కొలత గీత చెరిగిపోతుంది, తుడుచుకుని మళ్లీ గీసుకోవాలి. రోజుకు ఇన్ని అడుగులు తగ్గితే అన్ని రూపాయలు ఇంటికి తక్కువ పోతాయి. సొంత ఊపిరి కాపాడుకోవడానికి సొంత కూలి వదులుకొమ్మని ఎవరికి చెప్పగలం? తడి కోతకు రేటు వేరుగా, ఎక్కువగా రాయండి. లేదా కోత రోజులకు రోజు కూలి ఇవ్వండి. నేను రెండోది చేస్తున్నాను.

ఈ మూడింటికీ డబ్బు ఎంతవుతుందని అడుగుతారు. పోయిన ఇంటికి నా లెక్క చెబుతాను. నీళ్ల కట్టర్, ఆర్‌సీసీబీ బోర్డు, మాస్కులు, అదనపు కూలి అన్నీ కలిపి 14 వేల చిల్లర. మిషనూ బోర్డూ తర్వాతి ఇంటికి కూడా పనికొస్తాయి. ఆ ఇంటి మెయిన్ డోర్‌కు ఓనరు బిగించుకున్న ఇత్తడి హ్యాండిల్ ఖర్చు అంతకన్నా ఎక్కువ. ఎస్టిమేట్‌లో "దుమ్ము నియంత్రణ" అని ఒక లైను రాసి ఓనరుకు ఇచ్చాను. ఇదేంటని అడిగాడు, చెప్పాను. ఒక్క రూపాయి బేరమాడలేదు. ఇరవై ఏళ్లలో నేను అడగలేదు కాబట్టే ఎవరూ ఇవ్వలేదు.

మాస్కు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాస్కు ఇచ్చాం కదా అనే మాట దగ్గరే మనం ఆగిపోతాం. దస్తీ, తువ్వాల, బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు ఇవేవీ ఈ రేణువులను ఆపలేవు. కావాల్సింది ఎన్95 గానీ, ఐఎస్ 9473 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం గానీ. రోజూ కోసేవాడికైతే ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు ఇంకా నయం. చెవులకు తగిలించుకునే రకం వద్దు, తల వెనక రెండు బెల్టులుండే రకం తీసుకోవాలి. ముఖానికీ మాస్కుకూ మధ్య సందు ఉంటే గాలి ఆ సందులోంచే పోతుంది, ఫిల్టరు ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. పెట్టుకున్నాక రెండు చేతులతో మూసి గట్టిగా ఊది చూడాలి. కళ్ల వైపు గాలి తగిలితే ముక్కు మీది తీగను మళ్లీ నొక్కాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. కొందరు నమ్మకం కొద్దీ, మొక్కు కొద్దీ గడ్డం పెంచుతారు. వాళ్లను బలవంతం చేయకుండా కోత పని కాక వేరే పని ఇవ్వండి, కూలి తగ్గించకుండా.

మన మే నెల ఎండలో ఆ మాస్కు పెట్టుకుని ఎనిమిది గంటలు పనిచేయడం ఎవరివల్లా కాదు. నేను గంట పెట్టుకుని చూశాను, తల తిరిగింది. అందుకే ముందు నీళ్లు, ఆరుబయట కోత, ఆ తర్వాతే మాస్కు. నీళ్లు దుమ్మును పుట్టినచోటే పట్టేస్తాయి. వాటిని తప్పించుకున్నది ఏదైనా ఉంటే మాస్కు ఆపాలి. దీన్ని తిరగేసి, నీళ్లు మానేసి మాస్కు మీద భారం వేస్తే ఆ భారం మళ్లీ మేస్త్రి మీదే పడుతుంది. మాస్కు పెట్టుకున్న మనిషికి గంటకోసారి పది నిమిషాలు నీడలో విరామం కూడా ఇవ్వాలి.

కోసేవాడి దాకానే మనకు కనిపిస్తుంది. సాయంత్రం ఆ గదిని ఊడ్చేది ఎవరు? ఒక సైటులో నేను చూసింది చెబుతాను. కోత అయిపోయాక కూలికి వచ్చిన అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కొబ్బరి చీపురుతో ఊడుస్తోంది. పొగలాగా లేస్తోంది. పక్క గదిలో, తలుపు కూడా బిగించని గుమ్మం అవతల, పాతచీరతో కట్టిన తొట్టెలలో ఆమె బిడ్డ నిద్రపోతోంది. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంటే ఆ వెలుగులో దుమ్ము కదులుతూ ఆ తొట్టెల మీదకు పోవడం కనిపించింది. నేను ఇరవై ఏళ్లలో అలాంటి సాయంత్రాలు ఎన్ని చూసి ఉంటాను! ఆ రోజు మాత్రం నిలబడిపోయాను. పొడిగా ఊడ్చడం ఆపించండి. ముందు నీళ్లు చల్లి, తర్వాత తడి గుడ్డతోనో పారతోనో ఎత్తించండి. బిడ్డల తొట్టెలలు కోతకు దూరంగా, గాలి వచ్చే వైపు కట్టుకునే చోటు చూపించండి. సైటులో స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి నీళ్లూ చాటూ ఉండాలి. కటింగన్న భార్య పదేళ్లు ఆయన చొక్కాలను వాకిట్లో దులిపి ఉతికింది. ఇప్పుడు ఆమెకూ దగ్గు. డాక్టరుకు చూపించాం, ఇంకా ఏమీ తేల్చలేదు.

పాత ఇళ్లు కూలగొట్టే పనుల గురించి ఒక మాట. వరంగల్ పాత బస్తీ వైపు చాలా ఇళ్లకు, షెడ్లకు సిమెంటు రేకులున్నాయి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని సమ్మెటతో కొట్టి ముక్కలు చేస్తే కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. వాటితో వచ్చే జబ్బులు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. రేకును నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా కిందికి దించి, పట్టాలో చుట్టి పంపాలి. గ్రైండర్ పెట్టి కోయకూడదు. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995లోనే కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్ల దాకా ఉంచాలని కూడా ఆదేశించింది. మన దగ్గర పనిచేసే వాళ్ల పేర్లు కూడా మస్టర్ పుస్తకంలో సరిగా ఉండవు.

సెప్టిక్ ట్యాంకులు, పాడుబడ్డ బావులు వేరే సంగతి, అయినా ఇక్కడే చెప్పాలి. దుమ్ము మాస్కు ఉంది కదా అని వాటిలోకి ఎవరినీ దించకండి. అక్కడ ప్రాణం తీసేది విషవాయువు, లేదంటే గాలిలో ఆక్సిజన్ లేకపోవడం. గాలిలో లేని ఆక్సిజన్‌ను ఏ ఫిల్టరూ పుట్టించలేదు. ఒకరు పడిపోతే తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. ట్యాంకు శుభ్రానికి మిషన్ బండి పిలిపించండి. ఆ పని మనుషులతో ప్రమాదకరంగా చేయించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

అధికారులు కూడా ఈ ఉత్తరం చదివితే బాగుండునని నా ఆశ. ఫ్యాక్టరీలో సిలికోసిస్ వస్తే చెప్పి తీరాల్సిన జబ్బుల జాబితాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దాన్ని చేర్చింది. కానీ నాలుగు రోజులు ఒక ఇంట్లో, ఆరు రోజులు ఇంకో ఇంట్లో కోసే మనిషికి ఫ్యాక్టరీ ఎక్కడుంది? ఆయన దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఇంటి అనుమతి తీసుకునేటప్పుడు మన దగ్గర నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సెస్సు కట్టించుకుంటారు. అది వీళ్ల కోసం కట్టే డబ్బే. ఆ డబ్బుతో రాయి, టైల్స్ కోసేవాళ్లకు ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల బలం చూసే ఊదుడు పరీక్ష చేయించమని నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డును అడుగుతున్నాను. కొత్త కార్మిక కోడ్‌ల కింద 40 ఏళ్లు దాటిన వారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అంటున్నారు. మంచిదే. కానీ కటింగన్న మిషన్ పట్టింది ఇరవై ఏళ్లకు. నలభై వచ్చేసరికి చూడటానికి మిగిలింది మచ్చలే. కోత పనివాళ్లకు వయసుతో పని లేకుండా, మిషన్ పట్టిన మొదటి ఏడాది నుంచే ఆ పరీక్ష ఉండాలి. రాజస్థాన్ 2019లో ఒక విధానం తెచ్చింది. సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. అడ్డా మీద నిలబడే మనిషి దాకా చేరేలా అలాంటిది మన దగ్గరా కావాలి. మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు అనుమతి పత్రంలో పొడి కోత నిషేధం అని ఒక షరతు రాస్తే మాలాంటి వాళ్లకు ఓనర్లతో మాట్లాడటం కూడా సులువవుతుంది.

డాక్టర్లకు ఒక విన్నపం. సిలికా దుమ్ము పీల్చిన వాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా చాలా ఎక్కువని నాకు చెప్పారు. కాబట్టి టీబీ అనుమానించడం తప్పు కాదు. దాంతోపాటు ఏం పని చేస్తావు, ఎన్నేళ్ల నుంచి అని చీటీ మీద రాయండి. ఆ ఒక్క మాట ముందే రాసి ఉంటే కటింగన్న ఆ ఏడాదిన్నర మళ్లీ మళ్లీ మిషన్ పట్టేవాడు కాదు.

మనవైపు నుంచి ఇంకో పని. మీ మేస్త్రీలకు లేబర్ కార్డు ఉందో లేదో కనుక్కోండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపితే 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు ఆ సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఆ పని చేసినట్టు కాగితం ఇవ్వాల్సింది మనమే. కటింగన్నకు నేను ఆ కాగితం ఇచ్చింది జబ్బు పడ్డాక.

పోయిన ఆదివారం ఆయన్ను చూడటానికి వెళ్లాను. పడుకుంటే ఊపిరి ఆడదు, నాలుగు దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటూ ఉంది. ఇద్దరం టీ తాగాం. నేను లేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "సార్, పోరడు నా మాట వింటలేడు. మిషన్ పని పట్టిండు. ఏ సైటో కూడ చెప్తలేడు. మీరు పదిమందికి తెలిసినోళ్లు, జర చెప్పుండ్రి" అన్నాడు.

ఆ సైటు ఏదో నాకూ తెలియదు. భీమారంలో కావచ్చు, ఉనికిచెర్లలో కావచ్చు, మడికొండ దగ్గర కావచ్చు. ఈ ఉత్తరం చదువుతున్న మీదే కావచ్చు. పందొమ్మిదేళ్ల కుర్రాడు, సన్నగా ఉంటాడు. తండ్రిలాగే చెవి మీద పెన్సిలు పెట్టుకుంటాడు, తండ్రిలాగే ముక్కుకు తడి దస్తీ కట్టుకుంటాడు. రేపు పొద్దున సైటుకు వెళ్లినప్పుడు లోపలి గదిలో మిషన్ చప్పుడు వినిపిస్తే, తలుపు తీసి అతన్ని బయటికి పిలవండి. నీళ్ల పైపు తగిలించి ఇవ్వండి.

ఇట్లు,
మీ తోటి కాంట్రాక్టర్
హన్మకొండ